తోటివారికి నచ్చిన చోటు

మా అత్త ఓషిల్డ్ ముల్తె పండ్లు ఎక్కడ కోస్తుందో పందొమ్మిదేళ్లుగా నాకు తెలియదు. తెలుసుకోవాలని ప్రయత్నించకపోలేదు. పెళ్లయిన మొదటి ఏడాది మర్యాదగా అడిగాను. "అడవిలో" అంది. రెండో ఏడాది ఇంకా మర్యాదగా, ఏ వైపు అడవిలో అని అడిగాను. "చెట్లున్న వైపు" అంది. ఇక అడగడం మానేశాను. ప్రతి క్రిస్మస్‌కీ మీగడలో కలిపిన ఆ బంగారు రంగు పండ్లు రెండు గిన్నెలు లాగించి, మూతి తుడుచుకుని, నోరు మూసుకుని కూర్చోవడం నేర్చుకున్నాను.

నా భార్య తూరిద్‌కి కూడా తెలియదు. అత్తకి సొంత కూతురు. "దానికి చెబితే సాయంత్రానికి కొట్లో పాలు కొనడానికొచ్చిన ప్రతివాడికీ తెలుస్తుంది" అని అత్త వాదన. నాకెందుకు చెప్పదంటే, నాకు చెబితే తూరిద్‌కి చెబుతానట. ఇందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. అత్తకి వాళ్లమ్మ చెప్పింది కూడా ఆస్పత్రి మంచం మీదే, ముక్కులో గొట్టం పెట్టుకుని, నర్సును బయటికి పంపించి మరీ. ఆ తరువాత ఆవిడ కోలుకుని ఇంకో ఆరేళ్లు బతికింది. తొందరపడి చెప్పేశానే అని ఆ ఆరేళ్లూ బాధపడిందట.

మా త్వేర్‌దాల్ లోయలో ఇది వింత కాదు. పైన కొండల మీది చిత్తడి నేలంతా ప్రభుత్వానిది. ముల్తెలు ఎవరైనా కోసుకోవచ్చు. మొక్కకి ఒక్కటే పండు. జూన్‌లో పూత మీద ఒక్కసారి మంచు పడిందా, ఆ ఏటికి అదీ ఉండదు. అందుకని ఏటా తప్పకుండా కాసే తావు తెలిసిన కుటుంబం దాన్ని కంటిపాపలా చూసుకుంటుంది. కంచె వెయ్యకూడదు, పట్టా ఉండదు. కాపలా అంతా నోటితోనే, అంటే నోరు మూసుకుని.

అత్త కాపలా ఇంకో మెట్టు పైన. ఆగస్టులో ఆమె కారు మొదట చర్చి వెనక ఇరవై నిమిషాలు ఆగుతుంది. తరువాత లాంగ్ చెరువు ఒడ్డున పావుగంట. ఆ పైన పాత రంపపు మిల్లు దగ్గర కాసేపు. వెంటపడ్డవాడికి వీటిలో ఏది అసలుదో తెలిసి చావదు. రైతు సంఘం అధ్యక్షుడు హాల్‌స్టైన్ ఆమెకి పక్క పొలం వాడు, చిన్నప్పటి నుంచీ ముల్తెల్లో ఆమెతో పోటీ. ఒక ఏడాది ఆమె కారు చూసి, లాంగ్ చెరువు చుట్టూ మోకాలి లోతు బురదలో రెండు రోజులు తిరిగాడు. జలుబు తప్ప ఏమీ దొరకలేదు. ఆ వారం అత్త అతనికి ఒక సీసా తేనె పంపించింది, గొంతుకి మంచిదని.

మూడేళ్ల కిందట ఆ హాల్‌స్టైనే సంఘం తరఫున పట్నంలో డీలరుతో మాట్లాడి, లోయలో ఇరవై మూడు ఇళ్లకి ఒకే కంపెనీ కరెంటు కార్లు ఇప్పించాడు. అన్నీ బూడిద రంగే. కొట్టు ముందు ఆగితే ఎవరిది ఏదో తెలియదు. చర్చిలో ఆర్గన్ వాయించే సిగ్రున్ కారు తలుపును నా కారుదనుకుని లాగి లాగి, తాళం చెడిపోయిందని నేను డీలరుకి ఫోన్ కూడా చేశాను ఒకసారి. అందరికంటే సంతోషించింది అత్త. ఇరవై మూడు కవల కార్లలో తన కారును ఎవడు పోల్చుకుంటాడు? కారులో ముందు పటం చూపించే తెర ఒక్కటి మాత్రం ఆమెకి నచ్చలేదు. "అది నన్ను చూస్తుంటే నడపబుద్ధి కాదు" అని, తను అల్లిన తెల్లటి గుడ్డ ఒకటి దాని మీద కప్పేసింది. గుడ్డ కప్పితే దానికి కళ్లు కనపడవని ఆమె లెక్క.

జూలై చివర్లో ఒక మంగళవారం పట్నం నుంచి ఇంటికి వస్తున్నాను. అంతకు ముందు వారం కంపెనీవాళ్లు కార్లన్నిటికీ గాలిలోంచే ఏదో కొత్త హంగు పంపించారు. నా తెర మీది పటంలో అక్కడక్కడా చిన్న చిన్న పచ్చటి ఆకులు మొలిచాయి. నేను గొర్రెలు పెంచుకునేవాణ్ణి, వ్యవసాయ కళాశాలలో చదివినవాణ్ణి; ఆకు కనిపిస్తే ఏమిటో చూడకుండా ఉండలేను. స్తోర్ వాగు దాటాక, ఎవరూ వాడని పాత కంకర గొయ్యి దగ్గర ఒక ఆకు ఉంది. దాన్ని నొక్కాను.

"తోటివారికి నచ్చిన చోటు. ప్రశాంతం. సగటున గడిపే సమయం: ఐదు గంటల నలభై నిమిషాలు. అనువైన కాలం: ఆగస్టు రెండో వారం, ఉదయం."

కారు పక్కకి ఆపాను. కంకర గొయ్యిలో అంతసేపు ఎవరు కూర్చుంటారు? అదీ ఆగస్టు రెండో వారంలో? పేరు లేదు, నంబరు లేదు. మా లోయలో పేరు అక్కర్లేదు. పందొమ్మిదేళ్లు నేను ఊహించి ఊహించి అలసిపోయిన సంగతిని, అడగకుండానే ఒక యంత్రం దారిన పోతుంటే చెప్పేసింది.

నిజం చెప్పాలంటే మొదట సంతోషమే కలిగింది. తరువాత గుర్తొచ్చింది, ఇలాంటి తెరలు లోయలో ఇరవై మూడున్నాయి. అందులో ఒకటి హాల్‌స్టైన్‌ది. ఇక ట్రోన్‌హైమ్ నుంచి సెలవులకి వచ్చే కార్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. పండు రంగు తిరగడానికి ఇంకా రెండు వారాలే ఉంది.

తిన్నగా అత్త ఇంటికి వెళ్లాను. వంటగదిలో వాఫెల్స్ పోస్తోంది. డెబ్బై నాలుగేళ్ల మనిషి, పొట్టిగా, గట్టిగా, పొయ్యి ముందు నిలబడితే పొయ్యికే దన్నులా ఉంటుంది.

"అత్తా, ఒక మాట. కోపం తెచ్చుకోకు."

"కోపం తెప్పించేదైతే తిన్నాక చెప్పు. లేకపోతే మాడ్చేస్తాను."

"స్తోర్ వాగు దగ్గర కంకర గొయ్యి ఉంది కదా..."

గరిటె ఆగింది. పిండి అంచు మీంచి కారి చుయ్యిమంది.

"తూరిద్ చెప్పిందా?" అంది. మళ్లీ తనే, "కాదు, దానికే తెలీదు. నా వెనకాల వచ్చావా నువ్వు?"

"నేను రాలేదు. కారు చెప్పింది."

"నీ కారు అక్కడికెందుకెళ్లింది?"

"నాది కాదు, నీది."

బయటికి తీసుకెళ్లి, ఆమె కారులో తెర మీది గుడ్డ తీసి చూపించాను. మూడేళ్లలో ఆమె ఆ తెరను సరిగ్గా చూడడం అదే మొదటిసారి. ఆకు అక్కడే ఉంది, పచ్చగా, ఆరోగ్యంగా.

"చర్చి వెనక లేదే" అంది కళ్లు చికిలించి. "చెరువు దగ్గరా లేదు. మిల్లు దగ్గరా లేదు."

"అరగంట లోపు ఆగినవి లెక్కలోకి తీసుకోదనుకుంటా."

ఆ మూడు చోట్లనీ పటంలో మళ్లీ వెతికింది. తరువాత అంది, "హాల్‌స్టైన్‌ని నలభై ఏళ్లు తిప్పాను. వాళ్ల నాన్నని మా అమ్మ తిప్పింది. బుర్ర ఉన్నవాళ్లు కాబట్టి ఆలోచించి ఆలోచించి తప్పుదారి పట్టారు. దీనికి బుర్ర లేదు. ఊరికే గడియారం చూసుకుంటూ కూర్చుంది." గుడ్డను నాలుగు మడతలు పెట్టి ఒళ్లో పెట్టుకుంది. "గిన్నెలూ చెంచాలూ ఎవరైనా ఇస్తారు, యోస్టైన్. తూరిద్‌కి ఇవ్వడానికి నా దగ్గరున్న మంచి వస్తువు అదొక్కటే. రేపు ఊరందరిదీ అయ్యాక ఇంకేం ఇస్తాను?"

మర్నాడు కంపెనీకి ఫోన్ చేశాం. ముందు ఒక గొంతు మీ ఆంతరంగిక విషయాలు మాకు ప్రాణంతో సమానం అని చెప్పి, అరగంట సేపు సంగీతం వినిపించింది. తరువాత ఒక అమ్మాయి వచ్చింది. మంచి పిల్ల, ఓపికస్తురాలు.

"తప్పకుండా తీసేస్తాం. ఏ చోటో చెప్పండి" అంది.

"చెప్పను" అంది అత్త.

"చెప్పకపోతే ఎలా తీసేది?"

"అన్నీ తీసెయ్యి."

"అన్నీ అంటే, ఏమేం?"

"మీ దగ్గర ఏమేం ఉన్నాయో నాకేం తెలుసు? ఉన్నవన్నీ."

"అయితే ముందు మీ గురించి మా దగ్గరున్నదంతా పంపిస్తాం, అది మీ హక్కు. మీరు చూసి, ఏది వద్దో దాని పక్కన టిక్కు పెట్టి పంపండి."

"టిక్కు పెడితే ఏది ముఖ్యమో మీకు తెలిసిపోదూ?"

అవతల ఆ పిల్ల ఏదో టకటకా నొక్కడం వినిపించింది. మళ్లీ సంగీతం వస్తుందేమోనని నేను భయపడ్డాను. "మాకు ముందే తెలుసు కదండీ" అంది చివరికి, మెల్లగా.

"మీకు తెలిసింది మీకు తెలీదు. తెలిసేలా నేను చెయ్యను" అని అత్త ఫోన్ పెట్టేసింది. ఆ మాట గురించి నేను చాలా రోజులు ఆలోచించాను. అందులో పాయింటు ఉంది.

వారానికి ఆ కాగితాలు నా మెయిలుకి వచ్చాయి. రెండువందల పద్నాలుగు పేజీలు. మా ఇంట్లో ప్రింటు తీస్తుంటే, అత్త యంత్రం పక్కనే నిలబడి ఒక్కో కాగితాన్నీ నేను చూడకుండా బోర్లా అందుకుంది. ప్రింటు తీసింది నేనే, అందులో ఏముందో మాత్రం నాకు తెలియలేదు, అంత పకడ్బందీగా. తరువాత కుర్చీలో కూర్చుని చదువుతూ, పరవాలేదనుకున్న ముక్కలు బయటికి వినిపించింది.

"బ్రేకు గట్టిగా తొక్కుతానట. కుడి వైపు మలుపుల్లో మరీనట. అద్దంలో చూడ్డం తక్కువట. మీ మామ కూడా ఇన్ని వంకలు పెట్టలేదు." ఇంకో నాలుగు పేజీలు తిప్పింది. "ఇదేమిటి? పక్క సీట్లో సుమారు ఇరవై ఎనిమిది కిలోల మనిషి, బెల్టు పెట్టుకుని కూర్చుంది. ఆగస్టులో మాత్రమే. 'పిల్ల ఉన్న కుటుంబం కావచ్చు.'"

మేమిద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ముల్తెల బకెట్లు ఒరిగిపోకుండా ఆమె వాటికి బెల్టు పెడుతుంది.

"అందుకా, రెండేళ్లుగా నాకు పిల్లల సీట్ల కాగితాలు పంపిస్తున్నారు" అంది అత్త. "నేనంటే పడనివాళ్లెవరో ఈ వయసులో నా మీద పుకారు పుట్టించారనుకున్నా."

నవ్వింది, కానీ ఎక్కువసేపు నవ్వలేదు. ఎన్ని కిలోలు కోసిందో మాకే ఎప్పుడూ చెప్పలేదామె. దేశంలో ఏదో ఒక గదిలో అది రాసి ఉంది.

ఆగస్టు మొదటి ఆదివారం పొద్దున, సమాధుల దగ్గర పూలకి నీళ్లు పోసి వస్తానని అత్త సైకిలెక్కింది. సమాధులు ఎడమకి. సైకిలు కుడికి తిరిగింది. పండు ఇంకా ఎర్రగా, గట్టిగా ఉంటుందప్పుడు. ఎర్రది కోస్తే ఊళ్లో తలెత్తుకు తిరగలేరు. కానీ ఈ ఏడు కాపు ఎలా ఉందో, ఎవరైనా వచ్చి తొక్కేశారో చూడాలి కదా. పదకొండు కిలోమీటర్లు, అంతా ఎగువ. ఆమె ఒక్కతే వెళ్లిందన్న దిగులుతో నేను కారు తీశాను. దిగులు నిజమే. దాని పక్కన ఇంకేదీ లేదని మాత్రం అనను. నా కారు కూడా నా గురించి రాసుకుంటుందని గుర్తొచ్చేసరికి సగం దారిలో ఉన్నాను. రంపపు మిల్లు దగ్గర వదిలేసి మిగతా రెండు కిలోమీటర్లు నడిచాను.

కంకర గొయ్యిలో మూడు బూడిద రంగు కార్లున్నాయి. మూడూ మూడు వేర్వేరు చెట్ల గుబుర్ల వెనక, ఒకదానికొకటి కనపడకుండా. దాని పైన చిత్తడి మొదలయ్యే చోట, మొలలోతు గడ్డిలో హాల్‌స్టైన్ నాకు ఎదురయ్యాడు. చొక్కా లోపల బకెట్టు ఉంటే మనిషి కడుపుతో ఉన్నట్టు కనిపిస్తాడు.

"గొర్రె ఒకటి తప్పిపోయింది" అన్నాను అతను అడగకముందే.

"కంచె చూసుకుందామని వచ్చాను" అన్నాడు అతను.

"ఇక్కడ కంచె లేదుగా."

"అదే చూశాను. లేదు."

భోజపత్రం చెట్టు వెనకాల నుంచి సిగ్రున్ బయటికొచ్చింది. ఆ ఆదివారం ప్రార్థన పక్క చర్చిలో కాబట్టి ఆమెకి ఆర్గన్ పని లేదు. పిట్టల కూతలు వినడానికి వచ్చిందట. వెనకే ఓద్‌మున్, ముప్పై ఏళ్లు మా లోయలో ఉత్తరాలు పంచి రిటైరైనవాడు. డాక్టరు నడవమన్నాడన్నాడు.

"బకెట్టుతో నడవమన్నాడా?" అంది సిగ్రున్.

"బరువు పట్టుకుని నడిస్తే మోకాలికి మంచిదట. నీ సంచీలో ఏముంది, పిట్టలా?"

"అయితే నలుగురూ వచ్చేశారా, ఇంకా ఎవరైనా రావాలా?" అని ఒక గొంతు వినిపించింది.

జునిపెర్ పొద వెనక, రాయి మీద, అత్త ఫ్లాస్కు మూత తీసి కాఫీ పోసుకుంటోంది. మా మాటలన్నీ విందని ఆమె మొహమే చెబుతోంది.

హాల్‌స్టైన్ చొక్కా కిందికి లాక్కున్నాడు. "ఓషిల్డ్, నువ్విక్కడేం చేస్తున్నావు?"

"సైకిల్ టైర్లో గాలి పోయింది."

"ఎక్కడికెళ్తుంటే?"

"ఇంటికి."

"మీ ఇల్లు అటు కదా."

"అందుకే గాలి పోయింది."

ఎవరూ ఆమె వైపు చూడలేదు. అందరి కళ్లూ ఆమె వెనక ఉన్న చిత్తడి మీద పడ్డాయి. ఎర్రటి పూసలు ఆరబోసినట్టు, కంటికి ఆనినంత మేరా ముల్తె కాయలు. నేను ఇలాంటి తావు ఎప్పుడూ చూడలేదు. హాల్‌స్టైన్ టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు, చర్చిలోకి వచ్చినట్టు. వాళ్ల నాన్న జీవితమంతా వెతికింది దీన్నే.

"ఓద్‌మున్, నీ కారులో ఆ తెర ఒకసారి పెట్టు" అంది అత్త. "మీరంతా ఈ ఒక్క ఆకే చూసి పరిగెత్తుకొచ్చారు. మిగతా ఆకులు ఎవరైనా చూశారా?"

నిజంగానే ఎవరూ చూడలేదు. ఐదుగురం కారు తలుపుల చుట్టూ మూగాం. ఓద్‌మున్ వేలితో పటాన్ని జరిపాడు.

మొదటి ఆకు కొండ మీది చిన్న మడుగు దగ్గర తేలింది. సాయంత్రాలు, సగటున మూడు గంటలు. ఓద్‌మున్ వేలు అక్కడే ఆగిపోయింది. "అక్కడ చేపలున్నాయని నా తమ్ముడికి కూడా చెప్పలేదు" అన్నాడు ఎవరితోనో అన్నట్టు.

"జరుపు" అంది అత్త.

రెండోది నామ్సోస్‌లో డాన్సు హాలు. గురువారాలు, రాత్రి ఏడు నుంచి పది. మా వైపు నుంచి గురువారాలు నామ్సోస్ ఎవరు వెళ్తారని హాల్‌స్టైన్ పైకే ఆలోచించాడు. సిగ్రున్ మెడ కింది నుంచి ఎర్రబడింది.

"అకార్డియన్ వాయిస్తాను" అంది చివరికి. "నలుగురం కలిసి. బైబిల్లో వద్దని ఎక్కడా లేదు."

"బాగా వాయిస్తావా?" అడిగాను.

"ఆర్గన్ కంటే బాగా."

మూడోది సరిహద్దు దాటి, స్వీడన్‌లో, పెద్ద బజారు ముందు కార్లు ఆపే చోటు. శుక్రవారాలు, రెండు గంటలు. ఈసారి ఎవరిదని అడగక్కర్లేకపోయింది. హాల్‌స్టైన్ చేతిలోని టోపీ మీద, మేం నిలబడ్డ చోటికి సరిగ్గా కనపడేలా, రైతు సంఘం వాళ్ల మాట కుట్టి ఉంది: మన మాంసం మనమే తిందాం. ప్రతి శీతాకాలం సభలో స్వీడన్ బేకన్ కొనే ద్రోహుల గురించి అతను చెప్పే ప్రసంగం మాకందరికీ నోటికి వచ్చు.

"మా ఆవిడకి ఆ బేకన్ అంటే..." అని మొదలుపెట్టాడు.

"మీ ఆవిడకి చేప తప్ప ఏదీ పడదుగా" అంది సిగ్రున్.

"అవును" అన్నాడు హాల్‌స్టైన్, ఇక పోట్లాడలేక. "నాకే."

నేను అప్పటికే వెనక్కి జరుగుతున్నాను. కానీ నాలుగో ఆకు మా ఊరి మొదట్లో పెట్రోలు బంకు దగ్గర తేలింది. మంగళ, గురువారాలు, సాయంత్రం ఐదింటికి, నలభై నిమిషాలు. అక్కడ వేడి వేడి సాసేజ్‌లు రొట్టెలో పెట్టి, వేపిన ఉల్లిపాయ చల్లి ఇస్తారు. డాక్టరు చెప్పినప్పటి నుంచి తూరిద్ నాకు ఇంట్లో ఆకుకూరలు పెడుతోంది.

అత్త నా వైపు తిరిగింది. "గొర్రెల సంఘం మీటింగులు ఈమధ్య బంకులో పెడుతున్నారా, అల్లుడూ?"

ఓద్‌మున్ మొదట నవ్వాడు. తరువాత అందరం నవ్వాం, హాల్‌స్టైన్ అయితే కళ్లు తుడుచుకునేంతగా. నవ్వు ఆగాక మాత్రం ఎవరికీ తెర మీద ఇంకో అంగుళం జరపబుద్ధి కాలేదు. ఇరవై మూడు ఇళ్ల గుట్టు అందులో ఉంది. మాది బయటపడింది కాబట్టి నవ్వాం. లేనిపోని చోట ఇంకెవరిదైనా బయటపడితే అది నవ్వులాట కాదు.

అత్త తెర మీద చెయ్యి పెట్టి మూసింది. "నేనొక్కదాన్నే ఫోన్ చేస్తే ఏ చోటో చెప్పమంటున్నారు. చెబితే ఆ ఒక్కటే తీస్తారు. చెప్పకపోతే ఏదీ తియ్యరు."

హాల్‌స్టైన్ టోపీ తలమీద పెట్టుకున్నాడు. సంఘం పని మొదలైతే అతను ఎప్పుడూ అలాగే పెట్టుకుంటాడు. "ఆ కార్లు నేను ఇప్పించాను. రేపు పొద్దున నేనే తీసుకెళ్లి డీలరు గుమ్మం ముందు పెడతాను. ఇరవై మూడూ."

అన్నట్టే చేశాడు. ఆ మధ్యాహ్నం ఓద్‌మున్ ఉత్తరాలు పంచిన వరుసలోనే ఇల్లిల్లూ తిరిగి చెప్పాడు, ఏం చెప్పాడో గానీ ఎవరూ కాదనలేదు. సోమవారం పొద్దున ఎనిమిదింటికి పట్నంలో డీలరు తలుపులు తెరిచేసరికి గుమ్మం నుంచి రోడ్డు మలుపు దాకా బూడిద రంగు కార్లే. కొత్త కారు కొందామని వచ్చినవాడికి లోపలికి దారి లేదు. మేం థర్మాస్‌లు తెచ్చుకున్నాం, మడత కుర్చీలు తెచ్చుకున్నాం. వాతావరణం బాగుంది.

డీలరు మంచివాడే, చెమటలు కక్కుతూ కంపెనీ పెద్దలకి ఫోన్ చేశాడు. అతను మాట్లాడేది మాకు వినబడుతూనే ఉంది.

"అన్నీ తీసెయ్యాలట. లేదు, ఏ చోటో చెప్పరట... ఒక్కరు కాదు, ఇరవై మూడు మంది... అడిగాను. అందరినీ విడివిడిగా అడిగాను. ఒక్కరూ చెప్పరట... కారణమా?" ఫోన్‌కి చెయ్యి అడ్డం పెట్టి మా వైపు చూశాడు. "కారణమైనా చెప్తారా?"

"అది చెప్పడం ఇష్టం లేకే కదయ్యా వచ్చాం" అంది అత్త కుర్చీలోంచి.

మధ్యాహ్నం కంపెనీవాళ్లే తిరిగి ఫోన్ చేసి, మీట ఎక్కడుందో చెప్పారు. తెరలో ఏడు పేజీలు లోపలికి వెళ్తే, ఒక మూల ఉంది. దాన్ని ఆపితే "మీకు కలిగే అనుభవం తగ్గిపోవచ్చు" అని హెచ్చరిస్తుంది. తగ్గనీ అని అందరం అక్కడే ఆపేశాం. పాతది కూడా చెరిపేస్తామని కాగితం మీద రాసి ఇస్తేగానీ హాల్‌స్టైన్ తన కారును గుమ్మానికి అడ్డం తియ్యలేదు. శుక్రవారానికి మా లోయ పటం మీద ఆకులన్నీ రాలిపోయాయి. నడి ఆగస్టు రాకముందే.

"చెరిపేశారంటావా నిజంగా?" అని అడిగాను అత్తని.

"ఏమో. కాగితం ఇచ్చారు. ఆ గుడ్డ మాత్రం మళ్లీ కప్పాను" అంది.

ఇక మిగిలింది మేం నలుగురం. యంత్రం దగ్గర చెరిపించగలం గానీ మనుషుల తలల్లోది ఎవరు చెరుపుతారు? ఆ ఆదివారం గడ్డిలో ఎవరూ ప్రమాణాలు చెయ్యలేదు, ఎవరూ చెయ్యమనలేదు. పండు రంగు తిరిగే వారం కొట్లో రొట్టెల దగ్గర హాల్‌స్టైన్ కనిపించాడు. నలుగురికీ వినబడేలా అన్నాడు, "ఆ ఆదివారం నేను ఎక్కడికీ వెళ్లలేదు, యోస్టైన్. పొద్దుటి నుంచీ కొట్టం కడుగుతూనే ఉన్నా."

"తెలుసు. అటుగా పోతూ చూశాను" అన్నాను.

అతను తలూపి రొట్టె తీసుకుని వెళ్లిపోయాడు. ఆ వారమంతా అతని కారు పెరటిలోనే ఉంది. అటుగా పోయేవాళ్లందరికీ కనపడేలా, గేటుకి ఎదురుగా. సిగ్రున్ పిట్టల గురించి మళ్లీ మాట్లాడలేదు. ఓద్‌మున్ మోకాలు బాగైందట.

తరువాతి బుధవారం పొద్దున్నే అత్త మా ఇంటికి సైకిలు మీద వచ్చింది. నిన్న వెళ్లి చూసిందట. గడ్డి వంగిన జాడ కూడా లేదట. పండంతా మెత్తబడి బంగారంలా ఉందట. ఎక్కడ అన్నది మాత్రం చెప్పలేదు.

"సైకిలు మీద మొయ్యలేను. నీ గొర్రెల బండి తియ్యి" అంది. గొర్రెల బండికి తెర లేదు, హీటరు కూడా లేదు, ఇరవై ఆరేళ్ల వాసన మాత్రం ఉంది. "తూరిద్‌ని కూడా ఎక్కమను. ఐదుగురికి తెలిసీ బయటికి పొక్కలేదు. ఇక నా కూతురి నోటికి భయపడ్డానంటే నాకే సిగ్గు."

ముగ్గురం ముందు సీటులోనే ఇరుక్కున్నాం. తూరిద్ మధ్యలో కూర్చుంది, బడికెళ్లే మొదటి రోజు పిల్లలా చేతులు ఒళ్లో పెట్టుకుని. చర్చి వెనక ఆపమంది అత్త. ఇరవై నిమిషాలు ఆపాను. చెరువు దగ్గర పావుగంట ఆపాను. మిల్లు దాటాక రోడ్డు రెండుగా చీలుతుంది. కుడి వైపుది స్తోర్ వాగుకి. నా చేతులు వాటంతట అవే కుడికి తిరగబోయాయి. పట్టి ఎడమకి తిప్పాను.

అత్త కిటికీలోంచి చెట్లు చూస్తూ కూర్చుంది. అలా ఒక కిలోమీటరు పోనిచ్చి, ఇంకో కిలోమీటరు కూడా పోనిచ్చి, అప్పుడు అంది, "అటు కాదు, అల్లుడూ. వెనక్కి తిప్పు."

"ఎప్పుడూ ఇంతే, అమ్మా. ఈయనకి దారి అనేది తెలీదు" అంది తూరిద్.

"పాపం, ఎలా తెలుస్తుంది" అంది అత్త.

ఇరుకు రోడ్డు మీద బండి తిప్పడానికి చాలాసేపు పట్టింది. నేను తొందరపడలేదు.